మీ ఊరి మిట్టలు, కుంటలు, డొంకల పేర్లు ఎలా రాసి పెట్టాలి

ముందు ఒక చిన్న పని చేయండి. ఈ సాయంత్రం మీ ఇంట్లోనో పక్కింట్లోనో గొడ్లు కాసి వచ్చిన మనిషిని "ఈపొద్దు యాడ మేపినావు?" అని అడగండి. "పొట్టేళ్లగుంట దాటినాక, బోడిమిట్ట కాడ" లాంటి జవాబు వస్తుంది. ఆ రెండు పేర్లూ తేదీ వేసి ఒక కాగితం మీద రాయండి. తర్వాత ఫోన్లో ఏ మ్యాపులోనైనా వెతకండి, అడంగల్ తిరగేయండి. దొరకవు. ఆ మనిషి నోట్లో తప్ప ఇంకెక్కడా లేని రెండు పేర్లు మీ కాగితం మీదికి వచ్చాయి. మిగతా పనంతా దీన్నే ఓపికగా, ఊరంతటికీ చేయడం.

మాది నెల్లూరు జిల్లా మెట్ట. మా నాయన పొలానికి నడిచి వెళ్లేవాడు, దారిలో ప్రతి వంపుకీ ఒక పేరు చెప్పేవాడు. నేను మోటారు సైకిలు మీద పోతాను. ఆయనకు తెలిసిన పేర్లలో సగం కూడా నాకు తెలియవు. మా పిల్లలైతే "మన పొలం" అంటారు, అంతే. నడక పోతే పేరు పోతుంది. ఆ పోవడం నా కళ్లముందే జరిగింది కాబట్టి ఈ పని పెట్టుకున్నాను. ఎలా చేశానో, ఎక్కడ తప్పు చేశానో మీకు చెబుతాను.

ఇప్పుడే చేయాల్సిన అవసరం ఒకటుంది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. అది పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్లకు బదులు ల్యాండ్ పార్సిల్ నంబర్లు, అంటే ఎల్‌పీ నంబర్లు వచ్చాయి. పెద్దవాళ్లు పొలాన్ని పేరుతో చెబుతారు, లేదా "నూట పన్నెండులో రెండెకరాలు" అని పాత నంబరుతో చెబుతారు. కొత్త పాస్‌పుస్తకం పట్టుకున్న మనవడికి ఆ నంబరు అర్థం కాదు. పేరుకూ పాత నంబరుకూ కొత్త నంబరుకూ లంకె కుదర్చగలిగిన తరం ఇప్పుడున్నదే.

హద్దు గీసుకోండి

జిల్లా అంతా రాయాలని బయల్దేరకండి. ఒక్క రెవెన్యూ గ్రామం తీసుకోండి. పంచాయతీ వేరు, రెవెన్యూ గ్రామం వేరు. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు శివారు పల్లెలు, ఒక పాళెం, ఒక కండ్రిగ, ఒక గిరిజన కాలనీ ఉండొచ్చు. అన్నీ మీ పనిలోకి వస్తాయి. జనం ఎప్పుడో లేచిపోయిన పాడుబడ్డ పల్లె కూడా వస్తుంది.

రెవెన్యూ గ్రామమే ఎందుకంటే, మన దగ్గర మిగతావన్నీ మారుతూ వచ్చాయి. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరు జిల్లాలోవి. ఆ ఏడు ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం, గిద్దలూరు వైపు ఊళ్లు కర్నూలు జిల్లా నుంచి వచ్చి అందులో చేరాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్లో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిసింది. అందుకే మీ పుస్తకం మొదటి పేజీలో ఊరి పేరు పక్కన ఇప్పటి మండలం, జిల్లాతో పాటు పాత తాలూకా, పాత జిల్లా కూడా రాయండి. పాత కాగితాల్లో ఊరిని వెతకాల్సి వచ్చినప్పుడు అదే దారి చూపిస్తుంది.

చేతికి తెచ్చుకోవాల్సిన కాగితాలు

ఊరి మ్యాపు ఒకటి కావాలి. మీభూమి వెబ్‌సైటులో గ్రామ పటం, ఎఫ్ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం) దొరుకుతాయి. లేదంటే గ్రామ సచివాలయంలో సర్వేయరును అడగండి. మ్యాపును పెద్ద సైజులో రెండు కాపీలు తీయించండి. ఒకటి రాసి పాడుచేయడానికి, ఒకటి శుభ్రంగా ఉంచడానికి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు పటాలు ఆన్‌లైన్లో ఉచితంగా దింపుకోవచ్చు. కొండలు, వాగులు, చెరువులు వాటిలో బాగా కనిపిస్తాయి. పేర్లు మాత్రం పెద్దపెద్దవే ఉంటాయి.

అన్నిటికన్నా విలువైన కాగితం మీ బీరువాలోనే ఉంటుంది. పాత దస్తావేజుల్లో చెక్కుబందీ చదవండి. "తూర్పు: ఫలానా వారి చేను, దక్షిణం: ఊటవంక, ఉత్తరం: గుర్రాలమడుగుకు పోయే డొంక" అని నాలుగు దిక్కులా హద్దులు రాస్తారు కదా, అందులో పేర్లు దొరుకుతాయి. (డొంక అంటే పొలాల మధ్య బండ్ల దారి.) కరణం రాసిన కాగితంలో ఆ రోజుల్లో జనం పలికే పేరే ఉంటుంది, ఎందుకంటే హద్దు తేడా వస్తే తగాదా. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయింది. అంతకు ముందు రాసిన దస్తావేజులు నాలుగైదు ఇళ్లలో అడిగి చూడండి. సొమ్ము వివరాలు, మనుషుల పేర్లు మీకు అక్కర్లేదు. హద్దుల నాలుగు వరుసలు ఇంటివాళ్ల ముందే రాసుకుని, కాగితం అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే మన జిల్లాకు మంచి ఆధారాలున్నాయి. బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో వచ్చింది. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా 1905లో అచ్చు వేయించారు. అప్పటి జిల్లా కాబట్టి నేటి ప్రకాశం జిల్లాలోని ఊళ్లు కూడా అందులో చాలా ఉన్నాయి. దానశాసనంలో భూమి హద్దులు చెప్పేచోట చెరువు, పుట్ట, చెట్టు, గుండు పేర్లు వస్తాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వారి మనుషులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా రాయించిన కైఫీయతులు (ఊళ్ల చరిత్రలు) ఇంకో ఆధారం. మీ ఊరిది దొరికితే అదృష్టం. దొరక్కపోయినా దిగులు పడకండి. ఈ పనికి కాగితం తోడు మాత్రమే, అసలు ఆధారం నోటిమాట.

ఒక చోటుకు ఒక పేజీ

పొడుగాటి గళ్ల పట్టికలు మొదట్లో నేనూ గీశాను. పొలంలో అవి పనికిరావు. చెప్పేవాళ్లు గడుల ప్రకారం చెప్పరు. గట్టి అట్ట ఉన్న నోటుబుక్కు, పెన్సిలు తీసుకోండి. చెమటకూ వానకూ పెన్ను అలుక్కుపోతుంది. ఒక్కో చోటుకు ఒక్కో పేజీ కేటాయించండి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది:

పేరు, విన్నది విన్నట్టు: గుర్రాలమడుగు.
చెప్పిన మాట: "గుర్రాలమడుగులో నీళ్లుండాయంటే బాయిలో కూడా ఉంటాయనే."
ఏమిటిది: వాగు వంపులో లోతైన గుంత. ఎండాకాలం మొదట్లో కూడా నీళ్లు నిలిచేవి.
ఎక్కడ: చెరువు కలుజు (నిండితే నీళ్లు పొర్లే చోటు) నుంచి వాగు వెంట కిందికి, పాత చింతచెట్టు దాటాక ఎడమ పక్క. పాత సర్వే నంబరు, ఎల్‌పీ నంబరు, అక్షాంశ రేఖాంశాలు.
ఇప్పుడెలా ఉంది: సగం పూడింది, చుట్టూ సర్కారు తుమ్మ.
ఇంకో పేరు: చాకిరేవు వైపు వాళ్లు "పెద్దమడుగు" అంటారు.
చెప్పినవారు: డెబ్బై దాటిన ఆడమనిషి, కూలిపని, ఈ ఊరికి కోడలుగా వచ్చినవారు.
వారి పేరు బయటపెట్టవచ్చా: వద్దన్నారు.
తేదీ, నేను ఎక్కడ నిలబడి రాశాను.

ఇందులో రెండో వరుసను చాలామంది వదిలేస్తారు, మీరు వదలకండి. పేరును ఒంటరిగా అడిగితే మనిషి కొంచెం సర్దుకుని, పుస్తకాల భాషలో చెబుతాడు. మాటల్లో వచ్చినప్పుడే పేరు అసలు రూపంలో ఉంటుంది. "పాళేనికి పొయ్యాడు", "పాతూరికాడ", "వంకన పడి పో" అన్న మాటల్లో విభక్తితో సహా వినపడుతుంది. ఆ ఒక్క వాక్యంలో చోటు ఎలాంటిదో, దానితో జనానికి ఏం పనో కూడా దొరుకుతుంది. గుర్రాలమడుగు గురించి ఆమె చెప్పిన ఒక్క మాటతో ఆ గుంటకూ ఊరి బావుల ఊటకూ సంబంధం ఉందని తెలిసింది. నేను కొలిచి తెలుసుకున్నది కాదు అది.

ఎవరిని అడగాలి

రచ్చబండ దగ్గర కూర్చున్న నలుగురు పెద్దమనుషులతో మొదలుపెడితే పని అక్కడే ఆగిపోతుంది. వాళ్లు గుడి కథ చెబుతారు, ఊరి పెద్దల కథ చెబుతారు. పొలం ఉన్నవాడికి తన పొలం పేరు, దానికి పోయే దారి తెలుసు. జీవాలు మేపేవాడికి ఊరు మొత్తం తెలుసు. భూమి లేనివాళ్లకే ఎక్కువ పేర్లు తెలుసన్నది నాకు ఈ పనిలో ఖాయంగా తెలిసిన సంగతి.

గొర్రెల కాపరులను, గొడ్లు కాసేవాళ్లను అడగండి. చెరువు తూము ఎత్తి దించే మనిషిని అడగండి. తాటిచెట్లు ఎక్కే వాళ్లను, బట్టలు ఉతికేవాళ్లను, పాత బండి తోలినవాళ్లను, పాత తలారులను, వెట్టి పని చేసినవారి ఇళ్లలో వాళ్లను అడగండి. నాట్లకు, కలుపుకు ముఠాగా వెళ్లే ఆడవాళ్లను తప్పకుండా అడగండి. ఏ కయ్యలో (వరిమడిలో) బురద మోకాటి దాకా దిగుతుందో, ఏ గట్టు మీద నీడ ఉందో, కుళాయిలు రాక ముందు ఏ బావి నీళ్లు పప్పు ఉడికించేవో వాళ్లకే తెలుసు.

యానాదులతో ఒక రోజు నడవకుండా నెల్లూరు జిల్లాలో ఈ పని పూర్తయిందని అనుకోవద్దు. వాగులో చేపలుండే మడుగులు, ఎలుకల గట్లు, మందు మొక్కలున్న గుట్ట మూలలు వాళ్లు వేర్వేరు పేర్లతో పిలుస్తారు. ఊళ్లో ఎవరూ వాళ్లను ఈ సంగతి అడిగి ఉండరు. మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల అంచు ఊళ్లలో చెంచులదీ ఇదే సంగతి. వాళ్ల పొద్దు మీరు తీసుకుంటే ఆ రోజు కూలి మీరు ఇవ్వాలి. అడగడానికి ముందే చెప్పి ఇవ్వండి. "అన్నా", "పెద్దమ్మా" అని మిగతావాళ్లను ఎట్లా పిలుస్తారో వాళ్లనూ అట్లాగే పిలవండి.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. తొలిరోజు ఊరి మ్యాపు చుట్ట చంకలో పెట్టుకుని వెళ్లాను. ఒక పెద్దాయన చుట్ట వైపు చూసి "భూమి పోతుందా అబ్బయా?" అన్నాడు. రోడ్డుకో కాలువకో కొలతలు తీస్తున్నానని ఊరంతా అనుకున్నారు. ఆ వారం ఎవరూ నోరు విప్పలేదు. మళ్లీ వెళ్లినప్పుడు ఉత్త చేతులతో వెళ్లాను. ఎందుకు అడుగుతున్నానో మొదటి మాటలోనే చెప్పాను: "ఈ పేర్లు మా పిల్లోళ్లకు తెలియట్లేదు, రాసిపెడదామని." పటం ఇంట్లో ఉండాలి. పుస్తకం కూడా రెండో మాట తర్వాతే బయటికి తీయాలి.

ఎలా అడగాలి

"ఈ చోటు పేరేంది?" అనడం కన్నా దారి అడగడం మంచిది. "చెరువుకట్ట కాడి నుంచి పొలిమేర దాకా నన్ను మాటల్లోనే తీసుకపో పెద్దయ్యా" అనండి. ఆయన కళ్లు మూసుకుని నడుస్తాడు. కట్ట దిగుతాడు, డొంక ఎక్కుతాడు, మలుపు మలుపుకీ పేరు చెబుతాడు. మధ్యలో ఆపకండి. అయిపోయాక, వీలైతే మరుసటి రోజు పొద్దున్నే, అదే దారి ఆయనతో నడవండి. కూర్చుని చెప్పినప్పుడు రాని పేర్లు నడుస్తుంటే వస్తాయి. ఆయన నడవలేకపోతే మనవడినో మనవరాలినో వెంటబెట్టుకుని మీరు నడిచి, ఫోటోలు తెచ్చి చూపించండి.

మీరు పేరు అందించకండి. "దీన్ని నక్కలబోడు అంటారు కదా?" అని అడిగితే మర్యాదకు "ఆ" అంటారు. ఆ "ఆ"కు విలువ లేదు.

ఒక చోటుకు ఇద్దరు రెండు పేర్లు చెబితే ఏది సరైనదని తేల్చే పని మీది కాదు. రెండూ రాయండి, ఎవరు ఏ వైపు నుంచి వచ్చేవాళ్లో రాయండి. తూర్పు పల్లెవాళ్లకు "పడమటి మిట్ట" అయినది పడమటి పల్లెవాళ్లకు ఇంకేదో అవుతుంది. మూడో మనిషిని విడిగా అడగండి, ముందు ఇద్దరూ ఏమన్నారో చెప్పకుండా.

రెండుసార్లు నడవాలి. మనకు వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ వానలు వెనకబట్టిన వెంటనే ఒకసారి నడిస్తే వంకలు, ఊటలు, కలుజులు, నీళ్లు నిలిచే పల్లాలు కనిపిస్తాయి. ఎండాకాలంలో ఇంకోసారి నడిస్తే చెరువు లోపలి పేర్లు బయటపడతాయి. మే నెలలో అయితే పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపే. కంపచెట్లలో, పాత బావుల దగ్గర పాములు, ముళ్లు ఉంటాయి కాబట్టి చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. ఒంటరిగా వెళ్లకండి.

చెరువు దగ్గర ఒక పూట పూర్తిగా కూర్చోండి

మన ఊళ్లలో పేర్లన్నిటికీ తల్లి చెరువు. మ్యాపులో నీలిరంగు మచ్చ ఒకటే, పేరు ఒకటే. దగ్గరికి పోతే ఆ ఒక్క మచ్చలో ఇరవై పేర్లు ఉండొచ్చు. అందుకని చెరువును ఒక పేజీలో రాయకండి, విడిగా ఒక చిన్న పుస్తకం పెట్టండి.

నీళ్లు వచ్చే వైపు నుంచి మొదలుపెట్టండి. ఏ వంక, ఏ వాగు, ఏ కాలువ చెరువులోకి దిగుతుంది? కొండ వాలు నుంచి వచ్చే చిన్న పాయలకు కూడా పేర్లుంటాయి. వాటిలో ఎన్ని పూడిపోయాయి, ఎన్నింటి మీద దారి వేశారు? ఆ వివరం ఆ పేజీలోనే రాయండి. తర్వాత చెరువు లోపలికి రండి. నీళ్లు తగ్గినప్పుడు ముందు బయటపడే మిట్ట, చివరిదాకా నీళ్లుండే గుంత, వేసవిలో దోసకాయలు వేసే భాగం, మట్టి తవ్విన చోటు అడగండి. తర్వాత కట్ట ఎక్కండి. కట్టకు బలహీనమైన చోటు ఎక్కడో ఊరందరికీ తెలుసు, ఎప్పుడో తెగి పూడ్చిన చోటుకు పేరు ఉండే ఉంటుంది. కట్ట మీద పోలేరమ్మ ఉందా, కట్టమైసమ్మ ఉందా, పేరులేని రాయి మొక్కుబడి అందుకుంటోందా? ఎవరికి ఏ రోజు ఏం పెడతారో అడగండి. తర్వాత తూములు. పెదతూము, నడిమితూము, చిన్నతూము అని పైకి కనిపించే పేర్లతో పాటు కట్టించినవారి పేరు మీదో, పక్క చెట్టు పేరు మీదో పాత పేరు ఉంటుంది.

నిండితే నీళ్లు పొర్లే చోటును మేం కలుజు అంటాం. పొదిలి, దర్శి పక్కకు పోతే అలుగు అనే మాట వినపడుతుంది. మీ ఊళ్లో ఏ మాటో అదే రాయండి, నా మాట రాయకండి. కలుజు నుంచి పారిన నీళ్లు ఏ చెరువుకు పోతాయి అన్నది తప్పకుండా అడగండి. మన పాత చెరువులు గొలుసు. ఈ ఊరి కలుజు నీళ్లు ఆ ఊరి చెరువుకు ఆధారం. ఆ గొలుసు పేర్లతో చెప్పగలిగిన మనిషి దొరికితే ఆ రోజు మీకు పండగ.

చివరికి ఆయకట్టు. ఒక్కో తూము కింద కయ్యలు గుంపులు గుంపులుగా పేర్లతో ఉంటాయి. చింతలకయ్య, మాన్యంకయ్య, చవిటికయ్య అని. "మాన్యం" ఉన్న ప్రతి పేరు దగ్గరా ఆగి ఎవరి మాన్యం అని అడగండి. గుడిదా, వృత్తి మాన్యమా, చెరువును కట్టించి బాగుచూసుకున్నందుకు ఇచ్చిన దశబంధమా? భూమి ఎప్పుడో చేతులు మారి ఉంటుంది, పేరు మాత్రం మిగిలి ఉంటుంది.

పెద్ద చెరువుల ఊళ్లయితే ఇది నెల పని. కంభం చెరువు లాంటి చోట ఒక్కరు చేయగలిగింది కాదు, తూముకొకరు చొప్పున పంచుకోవాలి.

వాగులు, డొంకలు గీతలు కదా, మచ్చలు కావు. వాటికి మొదలు, చివర రాయాలి. ఒకే వాగు మీ ఊళ్లో ఒక పేరుతో వచ్చి పక్క ఊళ్లో ఇంకో పేరుతో పోతుంది. పేరు మారే చోటు ఏదో కచ్చితంగా గుర్తించండి. సాధారణంగా అక్కడ ఒక పొలిమేర రాయో, ఒక రేవో, ఇంకో వంక కలిసే చోటో ఉంటుంది.

సముద్రం పక్క ఊళ్లవారికి ఒక మాట. మీకు మిట్టలు, కుంటలకు బదులు దిబ్బలు, దొరువులు (నీటిగుంతలు), పర్ర (ఉప్పు పల్లం), ఉప్పు కయ్యలు, ఉప్పుటేర్లు, మొగలు (ఏరు సముద్రంలో కలిసే చోట్లు), బకింగ్‌హాం కాలువ రేవులు ఉంటాయి. ఇసుకలో తవ్విన ప్రతి దొరువుకూ ఒక ఇంటి పేరు ఉంటుంది. పట్టపుపాళెంలో (చేపలు పట్టేవాళ్ల పల్లెలో) పెద్దవాళ్లను కూర్చోబెట్టి సముద్రంలోని చోట్ల పేర్లు కూడా అడగండి. ఒడ్డున ఏ గుడి, ఏ తాటితోపు గురుతు పట్టి వల వేసేవాళ్లో చెబుతారు. మొగ కదిలితే, దిబ్బ కొట్టుకుపోతే పేరు ఎక్కడికి పోయిందో కూడా రాయండి.

అక్షరాలు

విన్నది విన్నట్టు రాయడం అనుకున్నంత సులువు కాదు. "పాళెం" అన్నారా "పాలెం" అన్నారా? "చౌడు" అన్నప్పుడు మొదటి అక్షరం "చీమ"లో చ లాగా ఉందా, పళ్లకు తగిలే ౘ లాగా ఉందా? ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లో ఉన్నాయి, విన్నచోట వాడండి. మీ కీబోర్డులో లేకపోతే కాగితం మీద అక్షరం కింద గీత పెట్టి తర్వాత ఎక్కించండి. పేరును వ్యాకరణం ప్రకారం దిద్దకండి. "దేవలం"ను "దేవాలయం" చేయకండి, "ఇస్క"ను "ఇసుక" చేయకండి. అల్లూరు దగ్గరి ఇస్కపల్లిని "ఇసుకపల్లి" అని దిద్దితే అక్కడివాళ్లు పలికే పేరు పోయినట్టే.

ప్రతి పేరూ చెప్పినవారి గొంతులో పది పదిహేను సెకన్లు రికార్డు చేయండి. ముందు అనుమతి అడగండి. ఫైలుకు పేజీ నంబరే పేరుగా పెట్టండి, లేకపోతే నెల తర్వాత ఏది ఏదో మీకే తెలియదు.

అర్థం తెలియని మాట వస్తే కంగారు పడి ఊహించకండి. సి.పి. బ్రౌన్ 1852 నిఘంటువు, భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో తెచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం చూడండి. రెండూ ఆన్‌లైన్లో వెతకవచ్చు.

ఫోన్‌తో చోటు గుర్తించడం

ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ లాంటి యాప్‌లు నెట్ లేకుండా పనిచేస్తాయి. చోటు మీద నిలబడి అర నిమిషం ఆగి, తర్వాత అంకెలు రాసుకోండి. దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలు చాలు. ఐదో అంకె దాదాపు ఒక మీటరు, ఫోన్ అంత కచ్చితంగా ఎలాగూ చెప్పదు. మన నెల్లూరు, ప్రకాశం వైపు అక్షాంశం దాదాపు 14 నుంచి 16 మధ్య, రేఖాంశం 78 చివర నుంచి 80 కాస్త దాటే దాకా వస్తుంది. ఆ రెండూ తారుమారైతే మీ కుంట వేరే దేశంలో తేలుతుంది, ఇంటికి రాగానే ఒకసారి మ్యాపు మీద పెట్టి చూసుకోండి. కుంట, తోపు లాంటివాటికి ఒక చుక్క చాలదు, చుట్టూ నడిచి మూలమూలన ఒక చుక్క తీసుకోండి. పేరు చెప్పడమే తప్ప చోటు చూపించలేకపోయినవారు ఉంటే "సుమారుగా" అని రాయండి.

పేరుకు కథ

"ఈ పేరు ఎట్లా వచ్చింది?" అని చివర్లో అడగండి, మొదట్లో కాదు. కథ విని కథగానే రాయండి. నెల్లూరు పేరుకే చూడండి, నెల్లి (ఉసిరి) చెట్టు కింద లింగం కల్లో కనిపించిన కథ ఒకటి, వడ్లకు తమిళంలో నెల్లు అంటారు కాబట్టి అనే మాట ఒకటి. రెండూ ఎవరు చెబుతారో రాసుకోవచ్చు, తీర్పు చెప్పనక్కర్లేదు. జువ్వలదిన్నెలో దిన్నె, వరికుంటపాడులో కుంట చెవికి స్పష్టంగా వినపడతాయి. పెదచెర్లోపల్లిలో "చెర్లో" వినగానే చెరువు గుర్తొస్తుంది, కానీ ఊళ్లో అడగకుండా అదే అని రాయకూడదు. "సముద్రం", "సాగరం" అని మెట్టలో వినపడితే అది చాలాసార్లు చెరువే.

పొడి అక్షరాల జబ్బు గురించి కూడా చెప్పాలి. అనుమసముద్రంపేట బస్సు బోర్డు మీద ఏఎస్ పేట, తోటపల్లిగూడూరు టీపీ గూడూరు, హనుమంతునిపాడు హెచ్ఎం పాడు, చంద్రశేఖరపురం సీఎస్ పురం. "ఏఎస్" అన్నప్పుడు సముద్రం పోయింది, "టీపీ" అన్నప్పుడు తోట పోయింది. మీ పుస్తకంలో పూర్తి పేరు పైన, పొడి పేరు కింద రాయండి.

బయటపెట్టకూడనివి

పాత దిబ్బలు, రాక్షసగుళ్లు (పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధులు), వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల రాళ్లు), శాసనాల రాళ్లు, పాడుపడ్డ గుళ్లు ఎక్కడున్నాయో అక్షాంశ రేఖాంశాలతో బయట పెట్టకండి. నిధుల కోసం రాత్రిళ్లు తవ్వేవాళ్లు ఉన్నారు. మీ పుస్తకంలో ఉంచండి, పురావస్తు శాఖకు చెప్పండి. శాసనం మీద సుద్ద పూయకండి, నూనె రాయకండి. పొద్దున లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే అక్షరాలు వాటంతటవే తేలుతాయి.

కొన్ని చోట్ల పేర్లలో ఒక కులాన్ని కించపరిచే మాట ఉంటుంది. అలాంటిది నేను పుస్తకంలో రాస్తాను, ఎందుకంటే అది జరిగింది. బయటికిచ్చే పటంలో మాత్రం అక్కడ ఉండేవాళ్లు తమ వాడను ఏమని పిలుచుకుంటారో అదే పెడతాను. వాళ్లను అడిగే పెడతాను.

భూమి తగాదాలున్న చోట పేరు ఒక సాక్ష్యం అవుతుంది. డొంక, శ్మశానం, మేత పోరంబోకు, దేవుడి మాన్యం ఇవన్నీ ఎవరో ఒకరి కంట్లో ముల్లు. చెప్పినవారి పేరు అలాంటి పేజీలో ఎప్పుడూ బయటికి రానీయకండి.

పుస్తకం నుంచి ఊరికి

పేర్లన్నీ కంప్యూటర్లో ఒక పట్టికగా ఎక్కించి రెండు మూడు చోట్ల దాచండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి తెలుగు లిపిలోనే ఎక్కించవచ్చు. పాత పేరుకు, మారుపేరుకు, ఊరివాళ్ల పలుకుకు విడివిడి గడులున్నాయి. జనం కాపురం లేని మిట్ట, పొలం గుంపు లాంటివాటికి "లొకాలిటీ" అనే రకం ఉంది. గూగుల్ మ్యాపు చూసి అందులో కాపీ కొట్టకూడదు, మీరు నడిచి తెచ్చినదే పెట్టాలి. ఆ పటంలోకి వెళ్లిన పేరు రేపు ఎవరి ఫోన్లోనైనా కనిపిస్తుంది.

కానీ ముందు ఊరికి చూపించండి. పెద్ద చార్టు మీద ఊరి పటం గీసి, పేర్లు వేలెడంత అక్షరాలతో రాసి బడిలో ఒకటి, పాలకేంద్రం దగ్గర ఒకటి కట్టండి. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చేవాళ్లు చూస్తారు. పక్కనే దారానికి ఒక పెన్సిలు కట్టి వదిలేయండి. మా ఊళ్లో మొదటి రెండు రోజులు ఎవరూ ముట్టుకోలేదు. మూడోరోజు ఎవరో బోడిమిట్ట పేరును కొట్టేసి అంగుళం కిందికి దించి రాశారు. ఆ పక్కన నాకు ఎవరూ చెప్పని ఇంకో గుంట గీసి పేరు పెట్టారు. సాయంత్రం చార్టు ఫోటో తీసుకుని, తేదీ వేసి, మరునాడు పొద్దున ఆ గుంట కాడికి నడిచాను.